కుడా, ఎడమా

బంగాళాఖాతంలో వాయుగుండం బలపడి తీవ్ర వాయుగుండం అయిందని టీవీలో చెబుతున్న మధ్యాహ్నం, నేను యాభై ఏళ్ళుగా మాట్లాడని ఇంటి మనిషి ఒకామె కూర్మన్నపాలెంలో నా గుమ్మం ముందు నిలబడింది. చంకలో గోనెగుడ్డ చుట్టిన పెద్ద వస్తువేదో ఉంది. మా అపార్ట్‌మెంటు లిఫ్టు పనిచేయడం లేదు. దీనిమీద అసోసియేషన్‌కి నేను నాలుగు ఉత్తరాలు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. ఆమె మూడంతస్తులూ మెట్లెక్కి వచ్చింది కాబట్టి ముందు గోడకి చెయ్యి ఆనించి ఊపిరి తీసుకుంది. తర్వాత అంది, "నాను నూకాలు కూతుర్ని. యారాడ అప్పయమ్మని. గురుతున్నానా రూతమ్మా?"

గుర్తు లేకపోవడం నా వల్ల అయ్యే పని కాదు. నేను మరిచిపోయే మనిషిని కాను. అయిదో తరగతిలో నాకొచ్చిన లెక్కల మార్కుల్ని పక్కపిల్ల పేరు మీద చదివేసిన టీచరమ్మ ఆ రోజు ఏ రంగు చీర కట్టుకుందో ఇప్పుడడిగినా చెప్పగలను. మా చర్చివాళ్ళు వేసిన పాత సభ్యుల పుస్తకంలో గంట కొట్టినవాళ్ళందరి పేర్లూ వేసి, ఏళ్ళ తరబడి గంట కొట్టిన మా నాన్న పేరు వదిలేశారు. దాని గురించి ముగ్గురు పాస్టర్లకి రాశాను. ముగ్గురూ బదిలీ అయి వెళ్ళారు గాని నాన్న పేరు మాత్రం ఎక్కలేదు. ఇవి చిన్నవి. నా జీవితంలో పెద్ద ఫిర్యాదు ఒకటే, అది నూకాలు ఇంటివాళ్ళ మీద. ఆ ఇంటివాళ్ళ మీద కోపంతో నేను ఇన్నేళ్ళూ యారాడ చేప కొనలేదు. గంప దించిన మనిషి ఏ ఊరో అడిగి తెలుసుకుని, యారాడ అంటే తలుపు వేసేసేదాన్ని.

మా నాన్న రేవులో సిగ్నల్ మనిషి. డాల్ఫిన్స్ నోస్ కొండకి రేవు వైపు వాలులో సిగ్నల్ మాస్టు, దాని కింద మూడు ఇళ్ళు ఉండేవి. మధ్యది మాది. సముద్రంలో తుపాను పుడితే వాతావరణం ఆఫీసు నుంచి రేవుకి కబురు వచ్చేది, రేవు నుంచి నాన్నకి టెలిఫోను వచ్చేది, నాన్న మాస్టు మీద గుర్తు ఎత్తేవాడు. పగటిపూట గుర్తులంటే వెదురు బద్దలతో అల్లి నల్ల కిత్తాను గుడ్డ కప్పిన పెద్ద పెద్ద బుట్టలు. కొన్ని పీపాల్లా ఉండేవి, కొన్ని బోర్లించిన పొట్లాల్లా కోసుగా ఉండేవి. ఏ బుట్ట పైన, ఏది కింద అన్నదాన్ని బట్టి నంబరు. ఒకటి నుంచి పదకొండు దాకా ఉండేవి. రేడియోలో వార్తలవాళ్ళు చెప్పే ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక మా పెరట్లోంచి మా నాన్న చేతుల మీదుగా పైకి వెళ్ళేది. పిల్లలకి ఇంతకంటే గర్వకారణం ఏముంటుంది?

ఆ ఇంటి వాసన నా ముక్కులో ఇంకా ఉంది. తుపాను కాలం వచ్చేముందు నాన్న బుట్టలన్నీ దించి పెరట్లో వరసగా పెట్టి నల్లరంగు వేసేవాడు. ఆ వారమంతా గంజన్నంలోకి కూడా రంగు వాసన వచ్చేది. అమ్మ సణిగేది. మాస్టు తాళ్ళకి కొవ్వు రాసేవాడు, లాంతరు గ్లాసులు పాత పేపరుతో తుడిచేవాడు. అన్నం తినడానికి ఎప్పుడూ సముద్రం కనబడేలాగే కూర్చునేవాడు. అమ్మ చింతపండు పులుసులో ఎండు నెత్తళ్ళు వేసి పొయ్యి మీద పెడితే, పులుసు మరిగేలోగా రెండుసార్లు బయటికి వెళ్ళి ఆకాశం చూసి వచ్చేవాడు. మాట తక్కువ మనిషి. ఆయన నోటంట నేను ఎక్కువసార్లు విన్న మాట ఒకటే, "అంకె రేవుది. మన నోటంట రాకూడదు." ఎవరొచ్చి అడిగినా మాస్టు చూసుకోమనాలి తప్ప మేం నంబరు చెప్పకూడదు. అది ఆయన కట్టడి. అమ్మ దాన్ని బైబిలు వాక్యం కంటే గట్టిగా పాటించేది.

అయినా నాకు గుర్తులు చదవడం ఆయనే నేర్పాడు. అన్నాల దగ్గర గ్లాసు బోర్లించి అది పీపా అనేవాడు, బఠాణీల పొట్లం ఖాళీ చేసి బోర్లించి అది కోసు అనేవాడు. ఒకదాని మీద ఒకటి మార్చి మార్చి పెట్టి, ఇది ఎన్నో నంబరు అని అడిగేవాడు. నేను తప్పు చెప్పేదాన్ని కాదు. తప్పు చెప్పకపోతే బఠాణీలన్నీ నాకే.

నూకాలు రోజూ పొద్దున్నే చేపల గంప నెత్తిన పెట్టుకుని యారాడ నుంచి కొండ దాటి వచ్చేది. మొదట దించేది మా అరుగు మీదే. వేట లేని రోజుల్లో ఎండుచేపలు తెచ్చేది. తుపాను రోజుల్లో ఆమె అసలు వచ్చేది చేపలమ్మడానికి కాదని ఇంట్లో అందరికీ తెలుసు. గంప దించి, కొంగుతో ముఖం తుడుచుకుని, నంబరెంతని అమ్మని అడిగేది. అమ్మ మాస్టు చూపించేది. నూకాలు తలెత్తి చూసి, ఆ బుట్టల భాష తనకేం తెలుసునని నవ్వి, పక్కింటి అరుగు ఎక్కేది. ఆమె మొగుడు పోలయ్యది సొంత పడవ. ఊళ్ళో అతను పడవ ఒడ్డు మీదికి లాగితే మిగిలినవాళ్ళూ లాగేవాళ్ళు, దింపితే దింపేవాళ్ళు.

ఆ గొడవ జరిగిన సంవత్సరం రెండుసార్లు తుపాను వచ్చినట్టే వచ్చి ఒడిశా వైపు తిరిగిపోయింది. రెండుసార్లూ యారాడవాళ్ళు పడవల్ని సరుగుడు తోటదాకా లాగి, వేట మానుకుని కూర్చున్నారు. మూడోసారి ఏడో నంబరు ఎగిరింది. ఏడంటే తుపాను మన రేవు మీదికే వస్తోందని. మళ్ళీ లాగారు. మర్నాడు పొద్దున్నే నాన్న ఏడు దించి ఆరు ఎత్తాడు. యారాడవాళ్ళు ఏడు ఆరయింది కదా, తుపాను తగ్గుముఖం పట్టిందనుకున్నారు. గాలి కూడా కాస్త తెరిపిచ్చింది. మర్నాటి వేటకి సిద్ధంగా ఉంటాయని మధ్యాహ్నానికి పడవల్ని మళ్ళీ అలల దగ్గరికి దింపేశారు.

ఆరు అంటే ఏడు కంటే తక్కువ కాదు. అయిదు, ఆరు, ఏడు ఒకే మెట్టు మీద పక్కపక్కన నిలబడ్డ ముగ్గురు మనుషుల్లాంటివి. బలం ముగ్గురిదీ ఒకటే. తుపాను మనల్ని ఎడమచేతి పక్కన పెట్టి పోతే అయిదు, కుడిచేతి పక్కన పెట్టి పోతే ఆరు, నెత్తిమీదికొస్తే ఏడు. ఎడమ పక్కనున్న ఊరికి గాలి నేలమీంచి సముద్రం మీదికి వీస్తుంది. కుడి పక్కనున్న ఊరికి సముద్రాన్ని ఎత్తి నేలమీదికి తోస్తుంది. ఆ రోజు తుపాను కొంచెం దక్షిణానికి జరిగింది. మేం దానికి కుడిచేతి పక్కన పడ్డాం. సాయంత్రం నాలుగింటికల్లా సముద్రం లేచి సరుగుడు తోటలోకి వచ్చింది. అందరూ పరిగెత్తి పడవల్ని వెనక్కి లాగబోయారు. పోలయ్య పడవ ముక్కలైంది. అతని కుడిచెయ్యి పడవ అంచుకీ బండరాయికీ మధ్య నలిగిపోయింది. ప్రాణాలు దక్కాయి గాని ఆ చెయ్యి మళ్ళీ వల లాగలేదు.

నూకాలు మా అరుగు ఎక్కడం ఆ తర్వాత మానేసింది. నెల తిరక్కుండా ఒకరోజు, నేను కొండ కింద కుళాయి దగ్గర బిందె పెట్టుకుని నిలబడి ఉండగా, నాన్న ఖాకీ సంచీ భుజాన వేసుకుని రేవు ఆఫీసుకి వెళుతున్నాడు. చేపల గంపతో వచ్చిన నూకాలు అత్తగారు అంతమంది ముందూ నాన్న వీపు చూసి అంది, "సిగ్నలాయన ఇంటి మాట నమ్మి మునిగిపోనాం." నాన్న ఆగలేదు, వెనక్కి చూడలేదు. ఆ మాటా, ఆ నడకా నా ఒంట్లో నాటుకుపోయాయి. బుట్ట సరిగ్గా ఎత్తిన మనిషిది తప్పా, సరిగ్గా చదువుకోనివాళ్ళది తప్పా? మాస్టు అబద్ధం చెప్పలేదే! నేను లెక్కల టీచరునై, పెళ్ళయి, రిటైరై, ఇన్నేళ్ళలో ఈ వాదన మనసులో ఎన్నిసార్లు నడిపానో. ప్రతిసారీ గెలిచింది నేనే.

ఇంకో నష్టం కూడా ఆ తుపాను ఖాతాలోనే వేసుకున్నాను. అప్పటిదాకా ఆదివారం అంటే చర్చి, ఇంటికొచ్చాక కోడికూర, నాన్న పక్కన కూర్చుని తినడం. ఆ తుపాను తర్వాత నాన్న చర్చి అవగానే తెల్లచొక్కాతోనే ఎటో వెళ్ళిపోయేవాడు. ఏ మూడింటికో ప్యాంటు అంచుల నిండా ఇసకతో వచ్చి, చల్లారిన కూర మాట్లాడకుండా తినేవాడు. అమ్మ అడిగితే గాలి కోసం వెళ్ళానని చెప్పేవాడు. జనంలో తలెత్తుకోలేక ఒంటరిగా తిరుగుతున్నాడని నేననుకున్నాను. ఇలా రెండేళ్ళు సాగింది. మా ఆదివారాల్ని మాకు లేకుండా చేసింది యారాడవాళ్ళేనని నమ్మాను.

ఇవన్నీ కడుపులో పెట్టుకుని ఉన్నాను కాబట్టి మొన్న అప్పయమ్మని లోపలికి రమ్మనడానికి నాకు కొంత సమయం పట్టింది. నా ఈడుదే. చిన్నప్పుడు తల్లి వెనకాల చిన్న గంపతో వచ్చేది. వచ్చి, కుర్చీ చూపించినా కింద కూర్చుని గోనెగుడ్డ విప్పింది. కిత్తాను చివికిపోయి, వెదురు నల్లబడి, కోసు దగ్గర తాడు కట్టే ఇనప కడియం తుప్పు పట్టి ఉన్నా, చూడగానే తెలిసింది. నాన్న బుట్ట. పనికిరాదని పక్కన పడేసిన పాతవాటిలో ఒకటి.

పాత ఇల్లు పడగొట్టి స్లాబు వేస్తున్నారట. అటక మీద దొరికిందట. చాలాకాలం దాన్ని కోడిపిల్లల మీద బోర్లించేవారట. తనకి వయసు మీద పడుతోంది, ఎవరిది వాళ్ళకి చేర్చేయాలని వాళ్ళనీ వీళ్ళనీ అడిగి నా చిరునామా సంపాదించుకుని వచ్చిందట. మా నాన్న బుట్ట మీ అటక మీదికి ఎలా వచ్చిందని అడిగాను. నా గొంతు దురుసుగానే ఉండి ఉంటుంది. అప్పయమ్మ వింతగా చూసింది.

"నీకు తెలీదా? మీ అయ్య ఆదివారం ఆదివారం మా ఊరొచ్చీవోరు. ఇసకలో ఒడ్డు గీసీవోరు. ఈ బుట్ట తుపానన్నమాట. మమ్మల్ని పిల్లల్ని వరసగా నిలబెట్టి, నువ్వు రేవు, నువ్వు భీమిలి, నువ్వు తుని అని పేర్లెట్టీవోరు. బుట్ట మా మద్దినించి మోసుకెళ్ళి, నువ్వు కుడా ఎడమా అని అడిగీవోరు. తప్పు సెప్పినోడు బుట్ట నెత్తినెట్టుకోవాల. మా బాబు పోలయ్యకీ ఆటే. పెద్ద పెద్దోళ్ళు బుట్టలెట్టుకుని కూకునీవోరు. నవ్వలేక సచ్చీవోళ్ళం."

తెల్లచొక్కా, ప్యాంటు అంచుకి ఇసక. నా నోట వచ్చిన మొదటిమాట మాత్రం పాతదే. అంత నేర్చుకున్నవాళ్ళు, మొదట మాస్టు చదవడంలో పొరబాటు వాళ్ళదేనని ఎందుకు ఒప్పుకోలేదు, మా నాన్నని నలుగురిలో ఎందుకన్నారు అని అడిగేశాను. అప్పయమ్మ బుట్ట కడియం మీద తుప్పు గోటితో గీకుతూ నెమ్మదిగా అంది.

"మా ఊర్నించి మాస్టెక్కడ కనబడతాదమ్మా. కొండడ్డం కాదా."

అవును. యారాడ కొండకి అటుపక్క. మాస్టు ఇటుపక్క. ఆ ఒడ్డున నిలబడితే కొండ వీపు తప్ప ఏమీ కనబడదు. ఇది నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. యాభై ఏళ్ళు ఆ వాదన నడిపినదాన్ని, ఒక్కసారి కూడా ఆ కొండని మధ్యలో పెట్టి చూసుకోలేదు.

"ఆ పొద్దున్న మా యమ్మ మీ ఇంటికొచ్చినాది" అంది అప్పయమ్మ. అంతకు మించి అనలేదు.

నేను మరిచిపోయే మనిషిని కాను. ఆ పొద్దున్న అమ్మ కిరసనాయిలు కోసం రేషను కొట్టుకి దిగింది. నూకాలు అరుగు మీద గంప దించింది, గంపలో ఎండు సావిళ్ళు, బెల్టుల్లాంటి పొడుగు చేపలు. అమ్మ లేదని చూసి, "బుల్లమ్మా, నీకు సదవడం వచ్చుగదా, ఏటి నంబరు?" అంది. ఎవరూ నన్ను అడగని మాట అది. నేను గుమ్మంలో నిలబడి, టీచరమ్మలా చెయ్యెత్తి మాస్టు చూపించి, ఏడు పోయి ఆరు వచ్చిందన్నాను. తగ్గినట్టేనా అని అడిగింది. ఒకటి తగ్గింది అన్నాను. ఏడులోంచి ఆరు తీసేస్తే ఒకటి. లెక్కల్లో నాకెప్పుడూ తప్పు రాదు. నూకాలు నా చేతిలో రెండు సావిళ్ళు పెట్టి, గంప పక్కింటికి కూడా తీసుకెళ్ళకుండా కొండెక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఇందులో ఏదీ నేను మరిచిపోలేదు. సావిళ్ళ నీచు వాసనతో సహా ఉంది. కాకపోతే దీన్ని ఆ తుపాను పక్కన ఎప్పుడూ పెట్టలేదు. వేరే చోట, నన్ను పెద్దదాన్నిగా చూసిన రోజుగా దాచుకున్నాను. పోలయ్య చెయ్యి సంగతి తెలిసిన సాయంత్రం, ఎవరైనా వచ్చి అంకె అడిగారా అని నాన్న ఇంట్లో అడిగాడు. అమ్మ లేదంది. నాన్న నా వైపు చూశాడు. నేను పళ్ళెంలోకి చూశాను. ఆయన మళ్ళీ అడగలేదు. ఆ తర్వాత మా ఇంట్లో గ్లాసు, పొట్లం ఆట కూడా ఆగిపోయింది.

ఆ మాట చెప్పింది నేనేనని మీ ఇంట్లో తెలుసా అన్నాను అప్పయమ్మతో.

"మొదట్నించీ తెలుసు. మీ అయ్య మొదటి ఆదివారమే మా బాబు కాడ కూకుని సెప్పీసేరు. పిల్లకి అంకెలు నేర్పేను, అర్తం నేర్పలేదు, సగం సదువు నాదే తప్పు, దాన్నెవులూ ఏటీ అనకండన్నారు. మా బాబు సెయ్యి కట్టుతో ఉంది. సరే బావా అన్నాడు. మా నాయనమ్మ ఒక్కర్తే కుళాయికాడ ఒకపాలి నోరు జారినాది. దానికి మా బాబు ఆ పూట అన్నం ముట్టలేదు." బుట్ట పక్కకి జరిపి అంది, "మా యమ్మ మీ అరుగెక్కడం మానీసింది కోపంతో అనుకున్నావేటి? నిన్ను సూత్తే నోరు జారిపోతాదని బయపడీది."

నేను లేచి టీ పెట్టాను. క్షమాపణలాంటి మాటలు నా నోట తేలిగ్గా రావు, ఆ మధ్యాహ్నం కూడా రాలేదు. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గరే నిలబడ్డాను. పోలయ్య పోయాడు, నూకాలు పోయింది, నాన్న పోయి ఇరవై ఏళ్ళు. వీళ్ళందరూ కలిసి ఒక పిల్ల మాటని నేలలో పాతిపెట్టి, దాని మీద మూగగా నడిచారు. ఆ పిల్ల మాత్రం పెద్దదై, యారాడ గంపల్ని గుమ్మంలోంచి తిప్పి పంపింది. ఎంతమంది ఆడవాళ్ళు మూడంతస్తులు ఎక్కి ఊరు పేరు చెప్పి దిగిపోయి ఉంటారు!

టీ తాగుతుండగా టీవీలో తీవ్ర వాయుగుండం తుపానుగా మారిందన్నారు. రేవులో మూడో నంబరు ఎగరేశారన్నారు. ఎదురింటావిడ గుమ్మంలోంచి తొంగిచూసి, మూడే కదండీ, పరవాలేదు కదా అని నన్ను అడిగి వెళ్ళింది. ఇప్పుడు మాస్టు కోసం ఎవరూ తలెత్తి చూడనక్కర్లేదు. అరచేతిలో ఫోను ఉంది. తుపాను ఎక్కడుందో, ఎంత బలపడుతుందో, ఎటు పోతుందో పూటకొకసారి గీత గీసి చూపిస్తారు. నాన్నకి ఫోనులో అరముక్క కబురు అందేది, దాన్ని పట్టుకుని ఆకాశం చూసుకునేవాడు. ఇంత కబురు ఉంటే ఆయన ఏం చేసేవాడో అనుకుంటాను. అంకెని మాత్రం జనం ఇప్పటికీ అలాగే అడుగుతున్నారు. పెద్దదా, చిన్నదా.

అప్పయమ్మ ఫోను మోగింది. కొడుకు రాజు. పడవల దగ్గర నుంచి, వెనక సముద్రం హోరు. ఆమె స్పీకరు నొక్కింది. అతను నంబరు అడగలేదు.

"యమ్మా, టీవీలోళ్ళు ఏటేటో అంతన్నారు. కుడా, ఎడమా?"

నాన్న గొంతే ఆ హోరులోంచి వచ్చినట్టనిపించింది. అప్పయమ్మ ఫోను నా వైపు జరిపి, "నువ్వు సూసి సెప్పు రూతమ్మా" అంది.

తొందరపడలేదు. కళ్ళజోడు తెచ్చుకున్నాను. నా ఫోనులో మ్యాపు తీశాను. గీత తుని దిగువన ఒడ్డుని తాకుతోంది. దాని చుట్టూ, తుపాను జరగడానికి వీలున్నంత మేర, లేతరంగు గంప బోర్లించినట్టు వెడల్పవుతూ వచ్చి మనల్ని కూడా కప్పింది. ఒడ్డు చేరేలోగా ఇంకా బలపడుతుందని రాసి ఉంది. పొద్దుటి మ్యాపు కూడా తీసి పక్కన పెట్టి చూశాను. అప్పుడు చెప్పాను. ఇప్పటికి గీత మన కింద నుంచి పోతోంది, మనం కుడి. సముద్రం లేస్తుంది. రేపటికి బలం పెరుగుతుందే గాని తగ్గదు. గీత పక్కకి జరగొచ్చు, రాత్రికి మళ్ళీ చూసి చెబుతాను, కాని జరుగుతుందని నమ్మి పడవ దించొద్దు. ఈసారి సగం చెప్పలేదు.

అటుపక్క నుంచి రాజు అడిగాడు. "ఎవులు యమ్మా ఆ సెప్పింది?"

అప్పయమ్మ నా ముఖం చూస్తూ ఫోనులోకి అంది, "సిగ్నలాయన కూతురు."

"అయితే లాగేత్తాం" అన్నాడు రాజు.